మడమ దగ్గర వదులు

"వదులట," అంటూ భార్య బూట్ల జత తెచ్చి బల్ల మీద పెట్టింది.

మేస్త్రి తల ఎత్తలేదు. మైనం పట్టించిన దారాన్ని సోలులోంచి అవతలికి తీసి, రెండు చేతులూ బార చాపి బిగించి, ముడి వేశాక అడిగాడు.

"ఎవరివి?"

"పోస్టమ్మవి. మీరు తోలు కొనడానికి వెళ్ళినప్పుడు వచ్చింది. ఉత్తరాలు పంచుతూ మధ్యలో వచ్చింది పాపం, కూర్చోమన్నా కూర్చోలేదు. మడమ దగ్గర వదులు పిన్నీ, అడుగేస్తే లేచిపోతున్నాయి అంది. కాలు చూపించింది. చర్మం ఊడి ఎర్రగా అయిపోయింది."

"వదులా? బిగువని ఉంటుందిలే."

"ముప్పై ఐదేళ్ళ నుంచి ఈ కొట్లో కూర్చుంటున్నాను. వదులుకీ బిగువుకీ తేడా తెలీదా నాకు?"

తెలుసు. ముందు గదిలో కూర్చుని జత తీసుకునేదీ, జత ఇచ్చేదీ, ఎవరి కాలు ఎక్కడ కరిచిందో విని గుర్తుపెట్టుకునేదీ ఆవిడే. మేస్త్రి వెనక గదిలో కిటికీ కింద పొట్టి బల్ల ముందు కూర్చుని కుడతాడు. ఆయన కుట్టిన బూటు బిగువని తిరిగొచ్చిన రోజులున్నాయి. కొత్త తోలు మొండికేస్తుంది, రెండు రోజులు తొడిగితే దారికొస్తుంది. వదులని తిరిగొచ్చిన రోజు మాత్రం ఒక్కటీ లేదు. అందులోనూ ఆ ఇంటివాళ్ళ జత!

ఆయన తల తిప్పి గోడకేసి చూశాడు. గోడ పొడుగునా ఆరు వరసల అరలు, అరల నిండా కొయ్యపాదాలు. కొట్టుకొచ్చే ప్రతి మనిషికీ ఒక జత అచ్చు. దాని మీద తోలు లాగి బిగిస్తేనే బూటుకి ఆకారం వస్తుంది. మనిషి పాదంలో ఎక్కడైనా ఎముక పొడుచుకొస్తే, ఆనె కాస్తే, కొయ్యపాదానికి సరిగ్గా అదే చోట పల్చటి తోలు పొర జిగురుతో అతికించి, ఆకురాయితో అరగదీస్తారు. అప్పుడు బూటులో ఆ మేరకు చోటు మిగులుతుంది, కాలు ఒరుసుకోదు. ఏళ్ళు గడిచేకొద్దీ పొర మీద పొర పడుతుంది. పాదం పెరుగుతుంది, వెడల్పవుతుంది, వాస్తుంది. అది వెళ్ళే దారి అదొక్కటే, తగ్గడమంటూ లేదు.

నాలుగో వరస చివర మూడు జతలు పక్కపక్కనే ఉంటాయి. పోస్టమ్మ తండ్రివి, అన్నవి, పోస్టమ్మవి. బుడిపె మడమల వాళ్ళని మేస్త్రి తండ్రి వాళ్ళకి పేరు పెట్టాడు. పిక్క నుంచి మడమకి దిగే నరం మీద, సరిగ్గా బూటు అంచు ఒరుసుకునే చోట, ఆ ఇంట్లో అందరికీ గోళీకాయంత గట్టి బుడిపె. ఊళ్ళో ఎవరు కుట్టినా కరిచేది. మేస్త్రి తండ్రి ఒక్కడే దానికి గుంట తీసి కుట్టడం కనిపెట్టాడు. ఆ పనితనం చూసి ఆ ఇల్లు ఇంకో కొట్టు గడప తొక్కలేదు. మనిషి పోయాక అచ్చుని చెక్కి ఇంకొకరికి వాడుకోవడం కొట్టు పద్ధతి. తండ్రి అచ్చూ, అన్న అచ్చూ అలా వాడడానికి కుదరలేదు, అలాంటి మడమ ఇంకెవరికీ లేదు. పోస్టమ్మ తండ్రి నలభై నాలుగో ఏట పోయాడు, అన్న ముప్పై తొమ్మిదికి.

"ఆ ఇంటివాళ్ళకి కొలత అక్కర్లేదు. ఏళ్ళు లెక్కేసి పొర అతికించు, చాలు." ఇది మేస్త్రికి తండ్రి చెప్పిన మాట, కొట్టుకి శాసనం.

అందుకే పోస్టమ్మ ఆరేళ్ళ తరవాత మళ్ళీ ఈ ఊరికి బదిలీ అయి, చేరకముందే ఫోన్ చేసి, "బాబాయ్, ఒకసారి వచ్చి కొలత ఇవ్వనా?" అంటే మేస్త్రి నవ్వేశాడు. "నువ్వెందుకమ్మా రావడం, నీ పాదం నా దగ్గరే ఉంటే!" అన్నాడు. ఆరేళ్ళయింది కదా అని మూడు పొరల మీద నాలుగోది కూడా అతికించాడు. అతికించి, ముందుచూపుకి తనని తనే మెచ్చుకున్నాడు కూడా.

ఇప్పుడు ఆమె కొయ్యపాదం దింపి బూటులో దూర్చి చూశాడు. చక్కగా కూర్చుంది. మడమ దగ్గర దారప్పోగు దూరే సందు లేదు. బూటు సరిగ్గా ఉంటే ఊపిరి పీల్చుకోవాలా? సరిగ్గా ఉన్నట్టు తన కంటికి కనిపిస్తోంది గాని తొడిగిన మనిషి వదులంటోంది. చెయ్యి పోయిందనుకుంటున్నవాడికి కన్ను కూడా పోయిందనుకోవడానికి ఎంతసేపు?

చెయ్యి సంగతి రెండు నెలలుగా ఆయన్ని తొలుస్తూనే ఉంది. రెండు నెలల క్రితం భార్య పోరు పడలేక రక్తం ఇచ్చొచ్చాడు. కొలెస్ట్రాల్ కొండెక్కి కూర్చుందని డాక్టరు ఒక మాత్ర రాశాడు. స్టాటిన్ జాతి మందట. రోజుకొకటి, ఎన్నాళ్ళని లేదు, ఉన్నన్నాళ్ళూ. ఏమీ నొప్పి లేని మనిషికి ఉన్నన్నాళ్ళూ మందేమిటని మేస్త్రి గొణిగాడు. భార్య మాత్రం సాయంత్రం భోజనం కాగానే మాత్ర, నీళ్ళు పట్టుకుని ఎదురుగా నిలబడేది.

పక్క కొట్లో గడియారాలు బాగుచేసే ఆయన ఊరుకుంటాడా?

"స్టాటినా? అమ్మో! అది కొవ్వుతో ఆగదు మేస్త్రీ, కండలోకి దిగుతుంది," అన్నాడు కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే. "మా తోడల్లుడు మింగాడు. ఇప్పుడు గాజుగ్లాసు పట్టుకుంటే చేతులు గజగజ. నీ పనా, చేతి బిగువు మీద ఆధారపడ్డది. తరవాత నీ ఇష్టం."

ఆ తోడల్లుడికి ఎనభై రెండేళ్ళని ఆయన చెప్పలేదు, మేస్త్రి అడగలేదు. ఆ రోజు నుంచీ దారం లాగినప్పుడల్లా కుడిభుజం కలుక్కుమన్నట్టే ఉండేది. అంతకుముందు కలుక్కుమనేదో లేదో చెప్పలేడు, ఎప్పుడూ పట్టించుకోలేదు. పటకారుతో తోలు గుంజేటప్పుడు మునుపటంత వస్తోందా లేదా అని తనకి తనే పరీక్ష పెట్టుకునేవాడు.

ఇదిగో, పరీక్ష ఫలితం వచ్చి బల్ల మీద కూర్చుంది. వదులు.

ఆ సాయంత్రం భార్య మాత్ర ఇచ్చింది. మేస్త్రి నోట్లో వేసుకుని, నాలుక కింద పెట్టి, గ్లాసెడు నీళ్ళూ తాగి, చెయ్యి కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్ళి తూములోకి ఉమ్మేశాడు. తూము దగ్గర నిలబడి ఆయన సిగ్గుపడ్డాడు. అరవై మూడేళ్ళు వచ్చి ఇదేం పనని తిట్టుకున్నాడు. అయినా చెయ్యి ముఖ్యం. చెయ్యి లేని మేస్త్రి బతికుండి ఎవరికి?

మర్నాడు లేస్తూనే పోస్టమ్మ బూట్లు ముందేసుకున్నాడు.

మడమ వైపు సోలు కుట్టు విప్పాడు. పాత దారం ముక్కలు ఒక్కొక్కటే లాగి పారేశాడు. తోలుని తడిగుడ్డలో చుట్టి మెత్తబడేదాకా ఆగి, మళ్ళీ అదే కొయ్యపాదం మీద ఎక్కించాడు. అచ్చుని ఒళ్ళో బోర్లించి, మోకాళ్ళ మధ్య ఇరికించి, పటకారుతో తోలు అంచు పట్టుకుని గుంజాడు. గుంజి, మెలితిప్పి, బొటనవేలుతో అదిమి, పెదాల మధ్యనుంచి చిన్న మేకు తీసి కొట్టాడు. మళ్ళీ గుంజాడు. తోలు కిర్రుమంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. మడమ బుడిపె చుట్టూ ఒక్క ముడత లేకుండా సాపు చెయ్యడానికి పదకొండు మేకులు పట్టాయి.

"వచ్చిందే!" అని కేక పెట్టాడు.

"ఎవరొచ్చారు?" భార్య ముందు గదిలోంచి అడిగింది.

"ఎవరూ రాలేదు. నువ్వు నీ పని చూసుకో."

చెయ్యి వచ్చిందని ఆవిడకి ఎలా చెబుతాడు? ఒక్కపూట మందు మానితే ఇంత బలమా అని తనకే ఆశ్చర్యం. అసలు మనిషి చెయ్యంటే ఏమిటి? నాలుగు వేళ్ళూ ఒక బొటనవేలూ, అంతేగా. అయినా చచ్చిన తోలుని పట్టుకుని బతికున్న కాలి ఆకారానికి తెస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి ఇదే చెయ్యి, ఇదే పని, ఇప్పటికీ దాన్ని చూస్తే ఆయనకి మతిపోతుంది. అలాంటిదాన్ని ఒక మాత్రకి అప్పగిస్తాడా?

ఆ సాయంత్రమూ నాలుక కిందే. మూడో సాయంత్రమూ అంతే. మూడోరోజు భార్య గ్లాసు తీసుకుంటూ, "మొహం తేటగా ఉందండీ ఈ మధ్య. మందు పనిచేస్తున్నట్టుంది," అంది. మేస్త్రి మొహం తిప్పేసుకున్నాడు. పెరట్లోకి మాత్రం వెళ్ళొచ్చాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి పోస్టమ్మ వచ్చింది. పొడుగ్గా, ఎండకి కమిలిన మొహంతో, ఉత్తరాల సంచి ఇంకా భుజాన్నే ఉంది. ఎడమ మడమకి పట్టీ వేసుకుంది. రోజుకి పన్నెండు మైళ్ళు నడిచే మనిషి నాలుగు రోజులుగా పాత చెప్పులతో తిరుగుతోంది.

"మీచేత రెండుసార్లు చేయించుకుంటున్నాను బాబాయ్, ఏమీ అనుకోకండి."

"అనుకునేదేముంది తల్లీ. తప్పు నాది. వేసుకో, ఈసారి ఉడుములా పట్టుకోకపోతే నన్నడుగు."

ఆమె తొడుక్కుంది. మేస్త్రి వంగి తనే లేసులు కట్టాడు. లేచి గుమ్మందాకా నడవమన్నాడు. ఆమె నాలుగడుగులు వేసింది. రెండో అడుగుకే ఆయన చూశాడు. ఎడమ బూటు మడమ దగ్గర లేచింది. కుడిది కూడా. ఆమె మొహమాటపడి కాలివేళ్ళు ముడిచి బూటుని పట్టి ఉంచాలని చూస్తోంది, అది కూడా కనిపెట్టాడు.

"చెయ్యి పోయింది," అన్నాడు మేస్త్రి. పైకే అన్నాడు.

"ఏంటి బాబాయ్?"

ఆయన ఆమెని స్టూలు మీద కూర్చోబెట్టి బూటు విప్పాడు. మొన్న అంత బలంగా బిగించినది ఇవాళ వదులైతే ఇక మాత్ర మీద పెట్టడానికీ లేదు. ముసలితనమే. కొట్టు మూసేసే రోజు ఇదేనేమో అనుకుంటూ, చూపు ఆనక, ఊరికే ఆధారం కోసమన్నట్టు ఆమె కుడి మడమని అరచేతిలో పట్టుకున్నాడు.

పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఆగిపోయింది.

బొటనవేలూ చూపుడువేలూ ఆ నరానికి రెండు పక్కలా వాటంతటవే వెళ్ళి ఆగాయి. ఆ వేళ్ళకి ఆ చోటు తెలుసు. ఇరవై ఏళ్ళుగా తెలుసు. అక్కడ గోళీ ఉండాలి. గట్టిగా, నొక్కితే కదలకుండా, ఎముక కాని ఎముకలా. లేదు. నరం పిక్కలోంచి తాడులా తిన్నగా దిగి మడమలో కలిసిపోతోంది. మధ్యలో కొద్దిగా, చిక్కుడుగింజంత ఉబ్బు. అంతే.

మేస్త్రి రెండో మడమ పట్టుకున్నాడు. అదీ అంతే. కొలత పట్టీ తీసి మడమ చుట్టూ వేశాడు. పట్టీ మీద ఆమె పాత కొలత గుర్తు దాటి కొస మిగిలిపోయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ మిగిలింది. కొయ్యపాదాన్ని ఆమె కాలి పక్కన నిలబెట్టి దీనికేసీ దానికేసీ చూశాడు. కొయ్యకి బుడిపె ఉంది. కాలికి లేదు.

"కొలవలేదు," అన్నాడు. "నేను కొలవలేదమ్మా. నీ కాలు కొలవకుండా కుట్టాను."

"పోన్లెండి బాబాయ్, ఇప్పుడు కొలిచారుగా."

"అది కాదే పిచ్చితల్లీ! ఇదెక్కడికి పోయింది?"

ఆమె నవ్వింది. "కరిగింది."

"కరగడమేంటి?"

మేస్త్రి నేల మీద చతికిలబడ్డాడు. తండ్రి చేతిలో కొన్నేళ్ళు, తన చేతిలో ముప్పై ఎనిమిదేళ్ళు, ఎన్ని వేల పాదాలు! ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి వెనక్కి వెళ్ళడం ఎరగడు. చెట్టు కాండం లావెక్కుతుంది గాని సన్నబడుతుందా? ఆనె కాస్తే కాసిందే, ఎముక వంకరపోతే పోయిందే. ఆయన పనంతా ఆ నమ్మకం మీదే నడిచింది. ఇప్పుడు ఒక మనిషి మడమ, నలభై ఆరేళ్ళ మనిషి మడమ, ఇరవయ్యేళ్ళ పిల్ల మడమలా అయి ఆయన అరచేతిలో వెచ్చగా ఉంది.

నలభై ఆరు! అప్పుడు తట్టింది ఆయనకి. ఆ ఇంట్లో ఆ వయసు చూసినవాళ్ళు లేరు.

"ఏం చేశావు? ఆపరేషనా?"

"మాత్ర బాబాయ్. ఆరేళ్ళ నుంచి రోజుకొకటి. కొలెస్ట్రాల్‌కి. స్టాటినంటారు."

ముందు గదిలో భార్య ఎవరికో చెప్పులు చుట్టి ఇస్తున్న కాగితం చప్పుడు వినిపిస్తోంది. మేస్త్రి ఆ చప్పుడు వింటూ ఉండిపోయాడు.

"బదిలీ మీద వెళ్ళిన ఊళ్ళో ఒంట్లో బాగోక ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను," పోస్టమ్మ చెప్పుకుపోతోంది. "ఆవిడ ముందు నా రక్తం చూడలేదు, కాలు చూసింది. ఈ బుడిపె ఎన్నాళ్ళ నుంచి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అంది. మా ఇంటి గుర్తండీ, మా బూట్ల మేస్త్రి కూడా మమ్మల్ని దాంతోనే గుర్తుపడతాడని నవ్వుతూ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. మీ నాన్నగారు ఎన్నో ఏట పోయారంది. మీ అన్నయ్యో అంది. అప్పుడు రక్తం తీసుకుంది."

"ఎంతుంది?"

"నాలుగొందల చిల్లర. బుడిపె కూడా కొవ్వేనట బాబాయ్. రక్తంలో పట్టక అక్కడ చేరిందట. గుండెకెళ్ళే దారుల్లోనూ అలాగే చేరుతుందట, అది మనకి కనపడదు. కాలేయం రక్తంలోంచి కొవ్వు తోడెయ్యాలట, మా వాళ్ళకి పుట్టుకతోనే ఆ తోడటం సగం. ఆకులు నమిలినా అంతేనట. ఈ మాత్ర కాలేయాన్ని సొంతంగా కొవ్వు తయారు చేసుకోనివ్వదట. దాంతో అది చచ్చినట్టు రక్తంలోది లాక్కుంటుందట. ఇప్పుడు నాకు రెండొందల్లోపు."

ఆమె చెబుతున్నది మేస్త్రికి పూర్తిగా ఎక్కలేదు. ఎక్కినంత మేరకే ఆయన నోరు తెరుచుకుని ఉండిపోయాడు. గోటిమీద నిలబడేంత మాత్ర. దానికి పటకారు లేదు, మేకు లేదు, ఆకురాయి లేదు. ఒంట్లో ఎక్కడో చీకట్లో, ఎవరూ చూడని చోట, రోజూ ఇంత, రోజూ ఇంత, ఆరేళ్ళు. ఏ చేతికైనా చాతనైన పనా అది? తనూ తండ్రీ కలిసి ఆ బుడిపెకి చోటు చేసిపెట్టడమే పనితనం అనుకున్నారు.

"ఇరవై ఏళ్ళు ఈ మడమ పట్టుకున్నానే నేను. గుంట తీసి మురిసిపోయాను గాని, ఇదేంటమ్మా అని ఒక్కనాడు అడగలేదు."

"మీరెలా అడుగుతారు? మీరు కుట్టబట్టే మేం నడిచాం." ఆమె మడమ మీది పట్టీ సర్దుకుని, "అన్నయ్యకీ ఇచ్చారు బాబాయ్," అంది.

"ఏమిటిచ్చారు?"

"ఈ మాత్రే. కరెంటాఫీసులో అందరికీ రక్తపరీక్ష చేసినప్పుడు. ముప్పై నాలుగేళ్ళు అప్పుడు. రెండు నెలలు మింగాడు. పిక్కలు లాగుతున్నాయి, స్తంభం ఎక్కుతుంటే కాళ్ళు తేలిపోతాయేమో, లైన్‌మన్ పని పోతుందేమోనని మానేశాడు. ఎవరికీ చెప్పలేదు. వదిన రోజూ మాత్రా నీళ్ళూ చేతికిచ్చేది. తీసుకుని గదిలోకి వెళ్ళేవాడు. పోయాక పరుపు దులుపుతుంటే కింద దొరికాయి, ఎన్నో! వదిన ఇప్పటికీ ఆ మాటే అంటుంది. నా చేత్తో ఇచ్చాను, నా ముందు తాగాడు అని."

మేస్త్రి కొలత పట్టీని వేలికి చుట్టుకుంటున్నాడు.

"పోయిన పూట డ్యూటీకి వెళ్తూ బూట్లేసుకుంటున్నాడు. ఒకటి తొడిగాడు. రెండోది చేతిలో ఉంది."

ఆ బూట్లు కుట్టింది మేస్త్రే. ఎత్తు మడమ, ఇనపముక్క వేసిన సోలు, స్తంభం మీద జారకుండా గరుకు తోలు. ఆ జత మీద ఎంత మెప్పు వచ్చిందో కూడా గుర్తుంది ఆయనకి.

ఆమె కాళ్ళకేసి చూసి అడిగాడు. "నీకు లాగలేదా పిక్కలు?"

"లాగాయి, ఎందుకు లాగవు! మొదటి మూణ్ణెల్లూ సగం వీధులు కుంటుకుంటూ తిరిగాను. అన్నయ్య గుర్తొచ్చి భయమేసి వెళ్ళి చెప్పాను. పరీక్ష చేసి, ఆ మాత్ర ఆపి ఇంకోటి రాసింది డాక్టరమ్మ, అదే జాతిది. సర్దుకుంది. చెబితే కదా బాబాయ్ వాళ్ళకి తెలిసేది!"

మేస్త్రి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కొయ్యపాదాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి, తోలుకత్తి మొన పైపొర కింద దూర్చాడు. పొరలు అతికించడమే గాని పీకడం ఆయన చేతికి అలవాటు లేని పని. జిగురు గట్టిపడిపోయింది. కత్తి జారి కొయ్యకి తగులుతుందేమోనని ఊపిరి బిగపట్టి, గోరంత గోరంత లేపుతూ లాగాడు. మొదటిది ఊడింది, మొన్న తను ముందుచూపుతో అతికించింది. రెండోది ఊడింది. మూడోది ముక్కలుముక్కలుగా వచ్చింది. మధ్యమధ్య వెళ్ళి ఆమె మడమ మీద వేళ్ళు పెట్టి, వచ్చి అచ్చు మీద పెట్టి చూసుకున్నాడు. నాలుగోదాని మీద కత్తి పెట్టి ఆగి, దాన్ని ఉంచేశాడు. చిక్కుడుగింజంత ఉబ్బుకి అది సరిపోతుంది.

పోస్టమ్మ ఊడిన పొరలు చేతిలోకి తీసుకుని చూసింది. ఎండిపోయి గవ్వల్లా వంగాయి.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

భార్య టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. పోస్టమ్మకి ఒకటిచ్చి, రెండోది బల్ల మీద పెట్టబోతూ మేస్త్రి మొహం చూసి ఆగింది.

"ఏమైందండీ? మళ్ళీ వదులేనా?"

"బూటు సంగతి కాదు." మేస్త్రి కత్తి కింద పెట్టాడు. "మూడు రోజులైంది. నేను ఆ మాత్ర మింగట్లేదు. నాలుక కింద పెట్టుకుని తూములో ఉమ్మేస్తున్నాను."

ఆవిడకి వెంటనే అందలేదు. అందాక గ్లాసు బల్ల మీద పెట్టి, కొలతలిచ్చేవాళ్ళు కూర్చునే రెండో స్టూలు మీద కూర్చుంది. కొట్టు తెరిచి ఉండగా ఆవిడ వెనక గదిలో కూర్చోవడం మేస్త్రి ఎప్పుడూ చూడలేదు.

"నా చేత్తో ఇచ్చాను కదండీ," అంది.

పోస్టమ్మ తల దించుకుంది.

"చెయ్యి పోతుందేమోనని భయపడ్డానే. గడియారాలాయన ఏదో అన్నాడు, ఇంతలో బూట్లు వదులని తిరిగొచ్చాయి..."

"చెయ్యి పోతే నేను కుట్టేదాన్ని. మీరు చెబుతుంటే నేను కుట్టేదాన్ని. మీరు పోతే?" ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిన్న మొహం తేటగా ఉందన్నాను. ఎంత నవ్వుకున్నారో."

"నవ్వుకోలేదే. ఒట్టు."

ముందు గదిలో ఎవరో వచ్చి పిలిచారు. ఆవిడ లేవలేదు. పోస్టమ్మే బూట్లు లేని కాళ్ళతో వెళ్ళి, కాసేపట్లో వస్తారని వాళ్ళని కూర్చోబెట్టింది.

మర్నాడు పొద్దున్నే, పొరలు తీసిన అచ్చు మీద తోలెక్కించి, ఆరబెట్టి, పదింటికి ఇద్దరూ కొట్టుకి తాళం వేశారు. గడియారాలాయన ఎక్కడికని అడిగాడు. భార్య ఆయనకేసి ఒక చూపు చూసింది. ఆయన మళ్ళీ భూతద్దం పెట్టుకున్నాడు.

డాక్టరు కుర్రవాడు. మేస్త్రి చెప్పిందంతా మధ్యలో అడ్డురాకుండా విన్నాడు, తూము సంగతితో సహా.

"మానేసిన ఈ నాలుగు రోజుల్లో భుజం నొప్పి తగ్గిందా?"

"తగ్గిందనుకున్నానండి. ఇప్పుడు ఆలోచిస్తే తగ్గలేదు. నొప్పి ఎప్పణ్ణించో ఉన్నట్టుంది, నేనే వినలేదు."

"చేతిలో బలం?"

"అదే భయమండి."

డాక్టరు తన కుడిచెయ్యి చాపాడు. "పట్టుకుని మీవైపు లాగండి."

"మీరు కూర్చున్నారు కదండీ."

"పర్లేదు, లాగండి. మొహమాటం లేకుండా."

మేస్త్రి ఆ చెయ్యి పట్టుకున్నాడు. పటకారు పట్టినట్టు పట్టి, అలవాటు ప్రకారం కొంచెం మెలితిప్పి, గుంజాడు. చక్రాల కుర్చీ బర్రుమని డాక్టరుతో సహా వచ్చేసింది. డాక్టరు మోకాళ్ళు బల్లకి కొట్టుకున్నాయి, మెళ్ళో గొట్టం ఎగిరి మూతికి తగిలింది, కాగితాలన్నీ కింద పడ్డాయి. తరవాత డాక్టరు పగలబడి నవ్వాడు. మేస్త్రి భార్య నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. మేస్త్రి మాత్రం తన చేతిని అటూ ఇటూ తిప్పి, ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"కండ కరిగిన చెయ్యి కాదిది," అన్నాడు డాక్టరు మోకాలు రుద్దుకుంటూ. "అయినా నొప్పి ఉందన్నారు కాబట్టి రక్తపరీక్ష ఒకటి రాస్తున్నాను. మాత్ర వల్లేనని తేలితే మారుద్దాం, వేరేవి ఉన్నాయి. ఈలోగా ఆపకండి. ఆపాలనిపిస్తే ముందు నాకు చెప్పండి. తూముకి కాదు."

"ఇప్పుడే వేసుకోవచ్చాండీ?" అని అడిగింది భార్య.

"వేసుకోవచ్చు. ఇది ఏ పూటైనా ఫరవాలేదు."

బయట వరండాలో బెంచీల నిండా జనం. గోడ పక్కన మంచినీళ్ళ కుండీ ఉంది. ఆవిడ సంచిలోంచి మాత్రల అట్ట తీసి, ఒకటి నొక్కి, ఆయన అరచేతిలో పెట్టింది. మేస్త్రి దాన్ని వెలుతురులోకి పట్టుకుని చూశాడు. తెల్లగా, గుండ్రంగా, మధ్యలో సన్నటి గీత. ఇన్నాళ్ళూ సరిగ్గా చూడనైనా లేదు. కళ్ళకద్దుకోబోయి, నలుగురూ ఉన్నారని ఊరుకుని, నోట్లో వేసుకుని గ్లాసెడు నీళ్ళూ తాగాడు.

"నోరు తెరవండి," అంది భార్య.

"అందరూ చూస్తున్నారే."

"చూడనీండి."

మేస్త్రి నోరు తెరిచాడు. ఆవిడ వంగి చూసింది.

"నాలుక ఎత్తండి."

ఎత్తాడు.